టాపెట్ ఎడం: ద్విచక్రవాహన ఇంజన్‌లో కవాటాల సవరణ, వాడుక పదజాలం (తిరుమలాయపాలెం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం

నాలుగు స్ట్రోకుల ద్విచక్రవాహన ఇంజన్‌లో కవాటపు కాడకూ, దాన్ని నొక్కే రాకర్ మరకూ మధ్య ఉండవలసిన అతి సన్నని ఖాళీని సరిచేసే పనిని మెకానిక్ షాపుల్లో 'టాపెట్ సెట్టింగ్' అంటారు. ఆ పని ఎందుకు అవసరమో, ఎలా జరుగుతుందో వివరించడం, ఆ పని చుట్టూ ఏర్పడిన తెలుగు వాడుకను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యాలు. చప్పుడును దోషంగా, నిశ్శబ్దాన్ని ఆరోగ్యంగా లెక్కించే వాడుక ఇంజన్‌కు హాని చేసే దిశలోనే మెకానిక్ చేతిని నడిపిస్తుందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. ఖమ్మం ప్రాంతపు ఎండ, పల్లె వినియోగదారుడి అవసరం ఆ దిశను ఎలా బలపరుస్తాయో కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కవాటం, టాపెట్, ఎడం, వృత్తిపదజాలం, అనుకరణ శబ్దాలు, తిరుమలాయపాలెం, ఖమ్మం జిల్లా.

1. ప్రవేశిక

తిరుమలాయపాలెం ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రం. పాలేరు శాసనసభ నియోజకవర్గంలో భాగం. చుట్టూ పత్తి, మిరప, వరి పండే పల్లెలు, వాటి నడుమ లంబాడా తండాలు. ఇక్కడ ద్విచక్రవాహనం విలాసవస్తువు కాదు. పాలక్యాను, ఎరువు బస్తా, పురుగుమందు డబ్బా, బడికి పోయే ఇద్దరు పిల్లలు, ఖమ్మం ఆసుపత్రికి పోవలసిన ముసలితల్లి, అందరికీ అన్నిటికీ ఒకటే బండి. శ్రీరామనవమికి భద్రాచలం పోదలచుకుంటే ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ఇద్దరు మనుషులను ఎండలో మోసేదీ ఆ బండే. చాలావరకు అది నూరు సి.సి. సామర్థ్యం గల, ఒకే సిలిండరున్న, గాలితో చల్లబడే చిన్న ఇంజన్. ఆ ఇంజన్ ఆయుష్షు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కొలత మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి బండి నడిపేవారిలో చాలామందికి తెలియదు. తెలిసిన మెకానిక్‌కు ఆ కొలతను కొలతగా వాడే అవకాశం ప్రతిసారీ దొరకదు.

తెలుగులో వృత్తిపదాల సేకరణకు గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వచ్చాయి. నాగలికీ మగ్గానికీ ఉన్నట్టే మెకానిక్ షాపుకూ ఒక భాష ఉంది. ఆ మాటల్లో అధికభాగం ఇంగ్లీషు నుంచి వచ్చినవే కావచ్చు. కాని వాటి అర్థాలు ఇంగ్లీషులో ఉన్నచోట ఉండిపోలేదు. పనిముట్టును బట్టి, చెవిని బట్టి, గిరాకీని బట్టి అవి ఇక్కడ కొత్త స్థానాల్లో కుదురుకున్నాయి. 'టాపెట్' అన్న ఒక్క మాటను పట్టుకుని పోతే ఆ కుదురుబాటు ఎంత దూరం వెళ్లిందో, దాని వల్ల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. అయితే మాటను పరిశీలించాలంటే ముందు వస్తువు తెలియాలి.

2. కవాటం ఎందుకు పూర్తిగా మూసుకోవాలి

కవాటమంటే సంస్కృతంలో తలుపురెక్క. పాఠ్యపుస్తకాలు హృదయకవాటాలకు వాడిన ఈ మాట ఇంజన్‌కు కూడా సరిగ్గా సరిపోతుంది. చిన్న ద్విచక్రవాహనపు సిలిండరు నెత్తిన సాధారణంగా రెండు కవాటాలుంటాయి. ఒకటి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి రానిస్తుంది. రెండోది కాలిన వాయువును బయటికి పంపుతుంది. ఆకారంలో ఇవి పుట్టగొడుగును పోలి ఉంటాయి. పొడవైన కాడ, అడుగున వెడల్పాటి తల. ఆ తల అంచు సిలిండరు తలలో బిగించిన గుండ్రటి ఉక్కు పీఠం మీద కూర్చుంటే దారి మూసుకున్నట్టు. షాపుల్లో ఈ పీఠాన్ని 'సీటు' అంటారు.

మిశ్రమాన్ని పీల్చుకోవడం, దాన్ని నొక్కడం, అది మండి ముషలకాన్ని కిందికి తోయడం, పొగను బయటికి నెట్టడం, ఈ నాలుగు దశలూ పూర్తికావడానికి క్రాంక్ రెండుసార్లు తిరగాలి. ఆ రెండు చుట్లలో ఒక్కో కవాటం ఒక్కసారే తెరుచుకుంటుంది. తెరిచే పని క్యామ్‌ది. టైమింగ్ చైను ద్వారా క్రాంక్ వేగంలో సగం వేగంతో క్యామ్ తిరుగుతుంది. దాని ఉబ్బు రాకర్ ఒక కొసను ఎత్తుతుంది, రాకర్ రెండో కొస కవాటపు కాడను కిందికి నొక్కుతుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగు కవాటాన్ని వెనక్కి లాగి పీఠం మీద కూర్చోబెడుతుంది. నిమిషానికి 5,000 చుట్ల వేగంలో ఇది సెకనుకు నలభైసార్లకు పైగా జరుగుతుంది.

కవాటం మూసుకున్న స్థితిలో రాకర్ మర దాని కాడను తాకకూడదు. తాకితే కవాటం పీఠం మీద పూర్తిగా కూర్చోలేదు. మరి తాకీ తాకనట్టు ఉంటే చాలదా? చాలదు. లోహం వేడికి సాగుతుంది. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి, సాగినప్పుడు కొయ్యచక్రానికి తొడిగి నీళ్లు పోస్తాడు. చల్లారిన పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగబడుతుంది. పొగను పంపే కవాటం తల బరువైన ప్రయాణంలో సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. దాని కాడ కూడా సాగుతుంది. సాగడానికి చోటు ముందుగానే వదలాలి. అలా వదిలిన చోటే ఈ వ్యాసంలో 'ఎడం' అని వ్యవహరిస్తున్నది. చిన్న ఇంజన్లలో ఇది సాధారణంగా 0.05 మి.మీ. నుంచి 0.10 మి.మీ. దాకా, కొన్నింట్లో మరికాస్త ఎక్కువగా ఉంటుంది. రెండు కవాటాలకూ ఒకే కొలత చెప్పే బండ్లున్నాయి, పొగ కవాటానికి ఎక్కువ ఎడం చెప్పేవీ ఉన్నాయి. ఏ బండికి ఎంతన్నది దాని సర్వీసు పుస్తకం చెప్పాలి, పక్కబండి కొలత పనికిరాదు. పోలిక కోసం చెప్పాలంటే, గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడు మందం 0.10 మి.మీ. అందులో సగమే ఆ చిన్న కొలత.

ఈ ఎడం కరిగిపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. పొగ కవాటం తన వేడిలో అధికభాగాన్ని పీఠం ద్వారానే సిలిండరు తలకు అప్పగిస్తుంది. మూసుకున్న ప్రతి క్షణమూ దానికి చల్లబడే అవకాశం. ఎడం లేక కవాటం వెంట్రుకవాసి తెరుచుకుని ఉండిపోతే రెండు నష్టాలు ఒకేసారి వస్తాయి. వేడి దిగిపోయే దారి మూసుకుపోతుంది, మండుతున్న వాయువు ఆ సన్నటి సందులోంచి చీల్చుకుని బయటికి పోతుంది. అంచు కాలిపోయి గంటు పడుతుంది. గంటు పడ్డాక ఎడం సరిచేసినా కవాటం ఇక మూసుకోదు. సిలిండరు తల విప్పి, కవాటం మార్చి, పీఠం అరగదీయవలసిందే. అరగంటలో తేలిపోయే పని రోజుల పనిగా మారేది ఇక్కడే. కూలికో పొలానికో బండి మీద పోయే మనిషికి ఆ రోజులు ఖర్చు కిందే లెక్క.

ఎడం ఎక్కువైతే నష్టం వేరే రకం. కవాటం ఆలస్యంగా తెరుచుకుంటుంది, తొందరగా మూసుకుంటుంది, తెరుచుకునే ఎత్తు తగ్గుతుంది. మర కాడను తాకడానికి బదులు కొడుతుంది కనుక చప్పుడు వస్తుంది, క్రమంగా తాకేచోటు అరుగుతుంది. బలం కొంత తగ్గుతుంది. ఇవి నష్టాలే. కాని కాలిపోయిన కవాటంతో పోల్చదగినవి కావు.

3. 'టాపెట్' అనే మాట వచ్చిన దారి

యంత్రశాస్త్రంలో టాపెట్ అంటే క్యామ్ కదలికను అందుకుని పైకి పంపే మధ్యవర్తి భాగం. క్యామ్ కింద, కవాటాలు పైన ఉండే ఇంజన్లలో అది విడిగా ఉంటుంది. ఇప్పుడు పల్లెల్లో తిరిగే నూరు సి.సి. బండ్లలో క్యామ్ సిలిండరు తలలోనే ఉంటుంది, రాకర్ నేరుగా దాని మీదే పనిచేస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే ఆ బండ్లలో టాపెట్ అనే విడి భాగమే లేదు. అయినా షాపులో టాపెట్ అంటే అందరికీ తెలుసు. రాకర్ కొసనున్న మర టాపెట్, దాని కిందనున్న ఎడం టాపెట్, అక్కడినుంచి వచ్చే చప్పుడూ టాపెట్టే. 'టాపెట్ లూజైంది' అన్నప్పుడు మొదటి అర్థం, 'టాపెట్ పెట్టాలి' అన్నప్పుడు రెండో అర్థం, 'టాపెట్ వస్తోంది' అన్నప్పుడు మూడో అర్థం. భాగం పోయి పేరు మిగలడం, మిగిలిన పేరు పొరుగు వస్తువులకు పాకడం భాషాశాస్త్రంలో తెలిసిన పరిణామమే.

ఈ మాట ద్విచక్రవాహనంతోనే పల్లెకు వచ్చిందనుకోవడం సరికాదనిపిస్తుంది. బావుల మీద నీళ్లు తోడిన ఆయిలింజన్లలో, లారీల్లో, ట్రాక్టర్లలో కవాటాలున్నాయి, వాటికి ఎడం సవరణ ఉంది. మోటారుసైకిళ్లలో బుల్లెట్‌కు ఉంది. కాని ఒకప్పుడు రోడ్ల మీద ఎక్కువగా తిరిగిన రాజ్‌దూత్, యెజ్డీ, ఆ తర్వాతి యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్లలో ఇలాంటి కవాటాలు లేవు. వాటి మెకానిక్‌కు ఈ మాటతో పని లేదు. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజన్ ఇంటింటి బండిగా మారింది. దానితోపాటే టాపెట్ పల్లెమాట అయింది.

మరో చిన్న విశేషం. ఎడాన్ని కొలిచే పలుచని ఉక్కురేకుల కట్టకు ఇంగ్లీషులో స్పర్శను సూచించే 'ఫీలర్ గేజ్' అన్న పేరుంది. షాపుల్లో అది 'ఫిల్లర్ గేజ్' అయింది. దీన్ని అపభ్రంశమని కొట్టివేయనక్కరలేదు. రేకు చేసే పని సందును నింపడమే కదా. చెవికి తోచిన మార్పు అర్థానికి కూడా కుదిరింది. మెకానిక్ చేతిలో రేకు కదిలే తీరు చూస్తే పాత పేరు కూడా న్యాయమైనదే అనిపిస్తుంది. ఎందుకన్నది తర్వాతి భాగంలో తెలుస్తుంది.

4. సవరణ విధానం

పని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదలవ్వాలి. ఈ నిబంధన గురించి ఆరో భాగంలో వివరంగా చెప్పవలసి ఉంది. సిలిండరు తల మీద రెండు గుండ్రటి మూతలుంటాయి. వాటిని పానాతో విప్పితే రాకర్ల కొసలు, వాటి మరలు, మరలను బిగబట్టే లాక్ నట్లు కనిపిస్తాయి. ఇంజన్ ఎడమ పక్కనున్న పెద్ద మూతకు మరో రెండు చిన్న మూతలుంటాయి. ఒకదానిలోంచి క్రాంక్‌ను తిప్పడానికి పానా పెట్టవచ్చు, రెండోదానిలోంచి ఫ్లైవీల్ మీది గుర్తులు చూడవచ్చు. స్పార్క్ ప్లగ్గు విప్పితే సిలిండరులో గాలి బిగపట్టదు, క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది.

ఫ్లైవీల్ మీది 'టి' గుర్తు మూత అంచున ఉన్న గంటుకు ఎదురుగా వచ్చేదాకా, ఇంజన్ నడిచే దిశలోనే క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పాలి. దాని పక్కనే ఉండే 'ఎఫ్' గుర్తు నిప్పురవ్వ సమయానికి సంబంధించినది, దానితో ఇప్పుడు పనిలేదు. 'టి' కుదిరినప్పుడు ముషలకం తన దారి పైకొసన ఉంటుంది. కాని నాలుగు దశల్లో ముషలకం రెండుసార్లు పైకి వస్తుంది. మిశ్రమాన్ని నొక్కుతూ వచ్చినప్పుడు రెండు కవాటాలూ మూసి ఉంటాయి. పొగను నెడుతూ వచ్చినప్పుడు రెండూ కొద్దికొద్దిగా తెరిచి ఉంటాయి. మనకు కావలసింది మొదటిది. గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు రాకర్లనూ వేళ్లతో కదిపితే సన్నగా ఆడాలి. ఆడకుండా బిగుసుకుని ఉంటే క్రాంక్‌ను సరిగ్గా మరో పూర్తి చుట్టు తిప్పాలి. ఈ ఒక్క పరీక్ష మరచి రెండో స్థితిలో సవరణ చేస్తే, క్యామ్ ఉబ్బు మీద ఉన్న రాకర్‌కు ఎడం కల్పించినట్టవుతుంది. బండి మొదలుపెట్టగానే భయంకరమైన చప్పుడు వస్తుంది. మేలేమిటంటే ఈ పొరపాటు దాగదు.

ఇప్పుడు కొలత. బండికి చెప్పిన మందం గల రేకును మరకూ కాడకూ మధ్య దూర్చాలి. సన్నని రాపిడితో జారితే ఎడం సరిగా ఉన్నట్టు. తడిచేతిలోంచి కాగితం లాగినప్పటి పట్టును పోలిన రాపిడి అది. స్వేచ్ఛగా జారితే ఎక్కువ, దూరకపోతే తక్కువ. ఇక్కడే రేకు కొలబద్దగా ఉంటూనే చేతి స్పర్శకు సాధనం కూడా అవుతుంది, 'ఫీలర్' అన్న పేరు అందుకే. అనుమానముంటే ఒక రేకు పలుచనిది, ఒకటి మందమైనది తీసుకోవాలి. పలుచనిది సులువుగా పోయి మందమైనది పోకపోతే ఎడం ఆ రెంటి మధ్యన ఉన్నట్టు. అనుభవం తక్కువైన చేతికి ఇది మంచి ఆసరా.

మార్చవలసి వస్తే లాక్ నట్టును వదులుచేసి, మరను కొద్దిగా తిప్పి, మళ్లీ రేకు పెట్టి చూడాలి. 'కొద్దిగా' అంటే ఎంత? మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు కదిలేదైతే పదోవంతు చుట్టుకే 0.05 మి.మీ. కదులుతుంది. అంటే గడియారం నిమిషాల ముల్లు ఆరు నిమిషాల్లో తిరిగేంత. 'ఇంకాస్త బిగించు' అన్న మాటలోని 'కాస్త' మొత్తం ఎడాన్ని మింగేయగలదు. సరి అనుకున్నాక మర కదలకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నట్టు బిగించాలి. బిగించేటప్పుడు మర తిరిగిపోవచ్చు, మరచుట్ల మధ్య ఖాళీ కూడా ఒకవైపుకు సర్దుకుంటుంది. అందుచేత బిగించిన తర్వాత రేకు మళ్లీ పెట్టి చూడటం తప్పనిసరి. పనిలో అన్నిటికంటే ఎక్కువగా ఎగరగొట్టే మెట్టు ఇదే. బయట ముగ్గురు గిరాకీలు నిలబడి ఉన్నప్పుడు అది సహజం కూడా. చివరగా రెండు కవాటాలనూ సరిచూసి, క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మరోసారి కొలిచి, మూతల రబ్బరు వలయాలు చిట్లలేదని చూసుకుని బిగిస్తే పని అయినట్టే.

5. చప్పుడు చెప్పేది, చెప్పనిది

గిరాకీ కొలత అడుగుతూ రాడు. 'అన్నా, ఇంజన్‌లో టకటక సౌండొస్తోంది, కాస్త చూడు' అంటూ వస్తాడు. మెకానిక్ యాక్సిలరేటర్ తిప్పి విని 'టాపెట్ లూజైంది, టైట్ చెయ్యాలి' అంటాడు. మండల కేంద్రపు షాపు ముందు పావుగంట నిలబడితే వినిపించే మాటలివి. ఇందులో వ్యాకరణాలు అనుకరణ శబ్దాలని పిలిచే వర్గం చేసే పని గమనించదగినది. టిక్‌టిక్, టకటక, గరగర, కరకర, దడదడ అన్న మాటలు కవిత్వంలో అలంకారాలు కావచ్చు. ఇక్కడ అవి రోగలక్షణాలు. టిక్‌టిక్, టకటక అంటే పైన టాపెట్ వైపు చూస్తారు, గరగర అంటే టైమింగ్ చైను వైపు, దడదడ అంటే కిందనున్న క్రాంక్, కనెక్టింగ్ రాడ్ వైపు. సరిహద్దులు కచ్చితమైనవి కావు, చెవికి చెవికి తేడా ఉంటుంది. అయినా ఈ విభజనకు యాంత్రికమైన ఆధారం ఉంది. క్యామ్ క్రాంక్ వేగంలో సగంతో తిరుగుతుంది కనుక నిమిషానికి 1,400 చుట్ల నిలకడ వేగంలో ఒక్కో టాపెట్ సెకనుకు సుమారు పన్నెండుసార్లు కొడుతుంది. క్రాంక్‌లోంచి వచ్చే చప్పుడు ప్రతి చుట్టుకూ వస్తే దానికి రెట్టింపు వేగం. శిక్షణ పొందిన చెవి ఈ లయభేదాన్నే పట్టుకుంటుంది.

కాబట్టి చెవిని తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. చెవికి వినపడేది ఒక్క దిశే అన్నది అసలు విషయం. ఎడం రెండు దిశల్లోనూ మారుతుంది. మర కొస, రాకర్, క్యామ్ అరిగితే ఎడం పెరుగుతుంది, చప్పుడు వస్తుంది. కవాటపు అంచు, పీఠం అరిగితే కవాటం పైకి లేచి కూర్చుంటుంది, కాడ కొస మరకు దగ్గరవుతుంది, ఎడం తగ్గుతుంది. అప్పుడు చప్పుడు తగ్గుతుంది. బండి మునుపటికంటే నెమ్మదిగా, హాయిగా నడుస్తున్నట్టుంటుంది. యజమాని సంతోషిస్తాడు. కొన్నాళ్లకు పొద్దున్నే కిక్కు మీద కిక్కు కొట్టవలసి వస్తుంది, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలదు. అప్పుడు కార్బరేటరును అనుమానిస్తారు, పెట్రోలును అనుమానిస్తారు. టాపెట్‌ను అనుమానించరు, ఎందుకంటే టాపెట్ 'రావడం లేదు'.

వాడుకలోని మూడో అర్థం హాని చేసేది ఇక్కడే. టాపెట్ అంటే చప్పుడు అయినప్పుడు, చప్పుడు లేకపోవడం టాపెట్ సమస్య లేకపోవడం అవుతుంది. 'సౌండ్ తీయడం' అన్న పనికి హద్దు నిశ్శబ్దమే. కొలతతో చేసే పనికి రెండు పక్కలా హద్దులుంటాయి, చప్పుడుతో చేసే పనికి ఒక పక్కే ఉంటుంది. సరిగ్గా సవరించిన చిన్న ఇంజన్ సన్నగా కుట్టుమిషను మాదిరి టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. దాన్ని కూడా తీసేయమనే గిరాకీ తనకు తెలియకుండానే కవాటాన్ని కాల్చమని అడుగుతున్నాడు.

ఇందుకు అపవాదం ఒకటుంది, అందులో చెవిదే పైచేయి. మర కొస అరిగి మధ్యలో చిన్న గుంట పడితే చదునైన రేకు ఆ గుంట అంచుల మీద ఆగుతుంది. రేకు 0.05 చెబుతుంది, నిజమైన ఎడం గుంటలోతును కలుపుకుని ఎక్కువగా ఉంటుంది. కొలత సరిగ్గా ఉన్నా చప్పుడు పోదు. అప్పుడు 'గేజ్ ఏం చెబుతుంది, నా చెవి చెబుతోంది' అనే మెకానిక్ మాట నిజమే. అయితే దానికి మందు ఇంకా బిగించడం కాదు, మరను మార్చడం.

6. ఎండ, చల్లారిన ఇంజన్

ఈ తరగతి ఇంజన్ల సర్వీసు పుస్తకాలు, ముఖ్యంగా హోండా సంప్రదాయానివి, ఇంజన్ 35 డిగ్రీల సెల్సియస్ లోపు ఉన్నప్పుడే ఎడం కొలవాలని చెబుతాయి. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్తవి కావు. మార్చి చివరినుంచే మధ్యాహ్నం నీడలో సైతం 35 డిగ్రీలు దాటుతుంది. రేకుల పందిరి కింద నిలబెట్టిన బండి రోజంతా ఆరబెట్టినా ఆ పుస్తకం దృష్టిలో చల్లారదు.

ఇది ఎంత తేడా చేస్తుందో సుమారుగా లెక్కకట్టవచ్చు. ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవు అల్యూమినియం సుమారు 23 మైక్రోమీటర్లు సాగితే ఉక్కు సుమారు 12 సాగుతుంది. సిలిండరు తల అల్యూమినియంది, కవాటం ఉక్కుది. రెండూ ఒకే మేర వేడెక్కితే తల ఎక్కువ సాగి రాకర్‌ను కాడ నుంచి దూరంగా జరుపుతుంది, ఎడం పెరిగినట్టు కనిపిస్తుంది. లెక్కకు తీసుకోవలసిన పొడవు 70 మి.మీ. అనుకుంటే డిగ్రీకి 0.0008 మి.మీ.కు కాస్త తక్కువ. గాలి వేడి 43 డిగ్రీలున్న మధ్యాహ్నం ఇది సుమారు 0.006 మి.మీ. చిన్నదే, సరిపెట్టుకోవచ్చు. కాని ఊరినుంచి నడిపించుకుని వచ్చి ఆపిన బండి పావుగంట తర్వాత ఇంకా 80 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. పుస్తకం చెప్పిన స్థితికి అది 45 డిగ్రీలు ఎక్కువ. తేడా 0.035 మి.మీ. అప్పుడు రేకుతో శ్రద్ధగా 0.05 పెట్టినా, తెల్లవారి చల్లారిన ఇంజన్‌లో మిగిలేది 0.015 మాత్రమే. బండి బరువుతో నడిచేటప్పుడు పొగ కవాటం తలకంటే ఎన్నో రెట్లు వేడెక్కి సాగుతుంది కనుక ఆ మిగిలింది కూడా హరించుకుపోతుంది. ఇది మోటు లెక్క. ఇంజన్‌లో అన్ని భాగాలూ ఒకే వేడిలో ఉండవు. అయినా పొరపాటు ఏ దిశలో జరుగుతుందో ఈ లెక్క స్పష్టంగా చూపుతుంది. వేడి ఇంజన్ మీద పెట్టిన ఎడం బిగువు వైపే తప్పుతుంది. చప్పుడు తీసే అలవాటు కూడా అటే తప్పుతుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి సరిచేసుకోవు, కూడుకుంటాయి.

'చల్లారింది' అన్న మాటలో కూడా ఇబ్బంది ఉంది. చెయ్యి పెట్టి చురుక్కుమనకపోతే చల్లారినట్టే మన వాడుక. చెయ్యి ఓర్చుకునే వేడి 45 డిగ్రీల దాకా ఉండవచ్చు. పుస్తకం కోరేది చెయ్యి చెప్పే చల్లదనం కాదు, రాత్రంతా కదలని బండి తెల్లవారుజామున ఉండే చల్లదనం. దానికి మార్గం సులువే: బండిని సాయంత్రం షాపులో వదిలి, పొద్దున్నే మొదటి పనిగా ఎడం చూడటం. కాని తండా నుంచి వచ్చిన మనిషికి బండి వదిలి పోవడం సులువు కాదు. తిరిగి పోవడానికి అతనికున్నది ఆ బండే. షాపు ముందు బల్ల మీద కూర్చుని గంటలో పని ముగించుకుపోవాలి. మెకానిక్‌కు నియమం తెలిసినా గిరాకీని ఆరుగంటలు ఆగమనలేడు. వేడి ఇంజన్ మీద సవరణను ఒక్క అజ్ఞానానికి అంటగట్టడం అందుకే సరికాదు. అది దూరానికీ పేదరికానికీ సంబంధించిన విషయం కూడా. ఇంటి దగ్గర పొద్దున్నే బండి తీయకముందు మెకానికే వచ్చి చూసే ఏర్పాటు కుదిరిన చోట ఈ చిక్కు తీరుతుంది. రెండు చిన్న పానాలు, ఒక స్క్రూడ్రైవర్, రేకుల కట్ట, అన్నీ కలిపి చొక్కా జేబులో పడతాయి.

7. 'లూజు, టైటు' జంటకు బదులుగా

షాపు భాషలో ఈ పనికి రెండే ధ్రువాలు: లూజు, టైటు. ఈ జంట నట్టుకూ బోల్టుకూ సరిపోతుంది. నట్టు వదులుగా ఉంటే దోషం, బిగిస్తే గుణం. అదే తర్కం టాపెట్‌కు వర్తింపజేసినప్పుడు ఎడం దోషమైపోతుంది, ఎడం లేకపోవడం గుణమైపోతుంది. తెలుగు అనువాదాలైన 'వదులు', 'బిగువు' కూడా ఈ చిక్కునుంచి తప్పించలేవు, వాటికీ అదే విలువ అంటుకుని ఉంది. 'ఖాళీ' అంటే ఏదో లేకపోవడం. 'సందు' అంటే ఉండకూడనిచోట పడినది. 'అంతరం' పాఠ్యపుస్తకానికి బాగుంటుంది, షాపులో నిలవదు.

'ఎడం' అన్న మాటను ఈ వ్యాసం ఎంచుకున్నది అందుకే. మిరప, పత్తి పండించే ఈ ప్రాంతపు రైతుకు అది నిత్యవ్యవహారంలోని మాట. అచ్చు తోలి, సాలుకూ సాలుకూ, మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం పెడతాడు. ఆ చోటును అతడు ఖాళీ అనుకోడు. ఎదగబోయే మొక్క కోసం ఇప్పుడే వదిలిన జాగా అది. నారు నాటిన రోజున అది ఎక్కువగా కనిపిస్తుంది, కొమ్మలు కలిసిన రోజున సరిపోతుంది. వేడికి సాగబోయే కవాటం కోసం చల్లటి వేళ వదిలే జాగాకు ఇంతకంటే దగ్గరి పోలిక యంత్రశాస్త్ర గ్రంథాల్లో దొరకదు. 'టాపెట్ టైట్ చెయ్యి' అనేచోట 'టాపెట్‌కు ఎడం పెట్టు' అంటే, అడిగేవారికీ చేసేవారికీ ఎంత అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఎంత ఎడం అని రైతు అడగకుండా ఏ మొక్కా నాటడు. ఎడం అన్నప్పుడు ఎడమచెయ్యి గుర్తుకు రావచ్చునన్న ఆక్షేపణకు సమాధానం తేలిక. పొలంలో ఎవరికీ అలా గుర్తుకు రావడం లేదు.

8. ఈ సవరణ వర్తించని బండ్లు

పైన చెప్పినదంతా మర, లాక్ నట్టు ఉన్న ఇంజన్లకే. పాత పోతఇనుప సిలిండరు బుల్లెట్‌లో పద్ధతి వేరు. అక్కడ క్యామ్‌నుంచి పైకి పోయే కడ్డీలుంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కడ్డీ వేళ్ల మధ్య స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. రేకు అవసరం లేని ఈ కొలత పూర్తిగా వేళ్లదే, అయితే దానికీ రెండు పక్కలా హద్దులున్నాయి. 2009లో వచ్చిన క్లాసిక్ తరం ఇంజన్‌లో నూనె ఒత్తిడితో ఎడాన్ని తనంతట తానే సర్దుకునే టాపెట్లు పెట్టారు. వాటికి సవరణ లేదు. కేటీఎం డ్యూక్ వంటి బండ్లలో మరకు బదులు మందం లెక్కగట్టిన చిన్న ఉక్కు బిళ్లలుంటాయి. ఎడం మార్చాలంటే పాత బిళ్ల తీసి, మందం కొలిచి, కావలసినంత మందమున్న మరో బిళ్ల వేయాలి. రకరకాల మందాల బిళ్లలు నిలవ ఉంచుకోవడం మండల కేంద్రపు షాపుకు గిట్టుబాటు కాదు. అలాంటి బండి ఖమ్మం పోవలసిందే. అక్కడ మాత్రం పనివాడు కొలవకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేడు, చప్పుడు విని బిగించడానికి అందులో మర లేదు.